ఎడమ అద్దంలో దీపం

పాలారు వంతెన మీద ఎడమ అద్దంలో దీపం వెలగగానే బ్రేక్ మీద కాలు వేశాను. తిరిగి చూస్తే షేర్ ఆటో, నిజమైన ఆటో, లోపల తొమ్మిది మంది, బయటికి వేలాడుతున్న కూరగాయల సంచి. ఆటో వెనకబడింది, దీపం ఆరిపోయింది. సరే. ఉన్నదాన్ని చూసి వెలిగింది, పోయాక ఆరింది, దాని పని అంతే. అద్దంలో కూడా కనపడని మూల ఒకటి ప్రతి కారుకీ ఉంటుంది, ఆ మూలలో ఎవరైనా ఉంటే ఈ గోరంత నారింజ దీపం చెప్పాలి, చెప్పడం కోసం వెనక బంపర్ లోపల చెరొక పక్కన రెండు రాడార్ సెన్సర్లు పెట్టారు, అవి చెడిపోతే చూడటానికి వేలూరు వర్క్‌షాప్‌లో నన్ను పెట్టుకున్నారు, పదిహేడేళ్ళుగా. పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా ఈ కారు కిందే ఉన్నాను. ఇప్పుడు కాట్పాడి, లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా గుడియాత్తం దాకా నడిపి చూసి, కారు ఇంట్లో అప్పగించి, బస్సెక్కి వెనక్కి రావాలి. గంట పని. నోరు తెరవకుండా ఉంటే గంట పనే. వెనక సీట్లో ఎడమ పక్కన వరదమ్మ పెద్దమ్మ ముందుకు వంగి కూర్చుని, నా పక్కన ఖాళీ సీటు మీదుగా ఆ అద్దాన్నే చూస్తోంది.

"ఆటో అది," అంది.

"అవును పెద్దమ్మా."

"నాకు తెలుసులే. వాడొస్తే ఇట్ల టక్కని ఆరిపోదు. రోంతసేపు ఉంటాది."

వాడంటే కేశవ్. ఆమె చిన్నకొడుకు. పెద్దకొడుకు సుందరం, ఈ కారు వాడిది, గుడియాత్తంలో లుంగీల మగ్గాలు నడుపుతాడు, వాడూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచి. నేను పరదరామి నుంచి బస్సులో వచ్చి వాళ్ళింట్లో మధ్యాహ్నం తిని, వాళ్ళింట్లోనే సాయంత్రం కూడా తిని పోయేవాడిని, ఈమె చేతి రాగిసంగటి నా ఒంట్లో ఎంత ఉందో లెక్కే లేదు. కేశవ్ అప్పుడు లాగు జారిపోతూ మా వెనకాలే తిరిగేవాడు, ఎక్కడికి పోయినా వెనకాలే, పొమ్మంటే నాలుగడుగులు ఆగి మళ్ళీ వచ్చేవాడు. పోయిన కార్తీకంలో కూడా అన్న కారు వెనకాలే వచ్చాడు, బైకు మీద. బంధువుల పిల్లకి చెవులు కుట్టే పండగ, అమ్మా అన్నా కారులో, వీడు వెనక. చెరకు ట్రాక్టర్‌ని దాటాక ఎదురుగా బస్సు, సుందరం అద్దం చూశాడు, దీపం వెలగలేదు, ఎడమకి తిప్పేశాడు. అప్పటికే కేశవ్ ఎడమ పక్కకి వచ్చి ఉన్నాడు. కె.వి.కుప్పం దాటిన తర్వాత కల్వర్టు మలుపు. ఎనిమిది నెలలైంది. సుందరం మళ్ళీ స్టీరింగ్ పట్టుకోలేదు. పోలీసులు అడిగినా, దినాల్లో మేనమామలు నిలబెట్టి అడిగినా, వాడు చెప్పింది ఒక్కటే మాట, నేను చూడలే, తప్పు నాదే. ఆ మాట వింటూ పందిరి కింద మూడో వరసలో కూర్చుని పాయసం తిన్నవాడిని నేను. తిన్నాను. ఆకు మడిచాను కూడా.

కాట్పాడి రైల్వే వంతెన దగ్గర ఎప్పటిలాగే ముక్కుకి ముక్కు ఆనించి బండ్లు. ఎడమ నుంచి స్కూటర్లు దూరుతున్నాయి, దీపం వెలుగుతోంది, ఆరుతోంది, బాగానే ఉంది, కుడి పక్క కూడా బాగానే ఉంది. ఇంత బాగా పని చేస్తున్నందుకు దాన్ని తిట్టాలనిపిస్తోంది. గుడియాత్తంలో వాళ్ళ వీధంతా సుందరం పేరు చెడింది. మగ్గం దగ్గర నేసేవాళ్ళు వాడొస్తే తల ఎత్తరట, తమ్ముణ్ణి చంపిన చెయ్యి అని మంగలి షాపులో అన్నారట. ఈ మాటలు నాకు చెప్పింది ఉమామహేశ్వరి, సుందరం భార్య. ఆమే పోయిన వారం ఫోన్ చేసింది. అత్త రోజూ సాయంత్రం డ్రైవర్ని పెట్టుకుని కల్వర్టు దాకా పోయొస్తోందట, అక్కడ ఎవరూ లేకుండానే ఎడమ దీపం వెలుగుతుందట, చిన్నోడు పక్కన వస్తాన్నాడని చెబుతోందట, ఈమధ్య వాడికోసం ఒక పొట్లంలో మురుకులు కూడా తీసుకుపోతోందట. "నాకు భయమైతాంది అన్నా, పిల్లోళ్ళు కూడా ఆ అద్దం చూడను భయపడతాండారు. ఆ దీపాన్ని సరి చెయ్యండి, లేకుంటే పీకెయ్యండి." సుందరం ఏమన్నాడని అడిగాను. "ఆయనా? ఉండనీ అంటాడు. అంతే. ఏమడిగినా ఉండనీ."

కాబట్టి కారు పంపింది ఉమ, కారుతో పాటు బయల్దేరింది పెద్దమ్మ. వర్క్‌షాప్‌లో కస్టమర్ల సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని ఆరున్నర గంటలు కూర్చుంది. టీవీ చూడలేదు. మా కలైవాణి కౌంటర్ నుంచి కాఫీ తెచ్చిస్తే, "నాకొద్దు కన్నా, మావోడికేమన్నా పెట్టినారా" అని నన్ను చూపించి అడిగింది. మావోడట. అప్పటికి నేను స్కానర్ తగిలించి కోడ్‌లు చదివాను, అంటే కారు తన జబ్బు తనే రాసి పెట్టుకునే చీటీలు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏమైందో అన్నీ ఉంటాయి. వైర్లు చూశాను, బాగున్నాయి. కనెక్టర్‌లో నీళ్ళు లేవు. బంపర్ విప్పాను. ఎడమ సెన్సర్‌ని పట్టుకునే ఇనుప బ్రాకెట్ ఆ రోజు దెబ్బకి వంగి ఉంది, గుడియాత్తంలో బంపర్ తిరిగి బిగించినవాళ్ళు చూసుకోలేదు, కొంచెమే, వేలెడు కూడా కాదు, కానీ రాడార్‌కి ఆ కొంచెం చాలు, రోడ్డు చూడాల్సింది పోయి రోడ్డు అంచు చూస్తుంది. కల్వర్టు దగ్గర కొత్తగా ఇనుప రైలింగ్ వేశారు, అది దానికి పక్కనే వస్తున్న బండిలా కనిపిస్తోంది. అంతే. రైలింగ్ ఎంత పొడుగుంటే అంతసేపు కేశవ్ పక్కన వస్తాడు. ఆ రైలింగ్ వేసింది కూడా కేశవ్ పోయిన తర్వాతే, కేశవ్ పోయినందుకే. బ్రాకెట్ మార్చి, సెన్సర్ చూపు సరిచేసి, హమ్మయ్య అనుకుని, బంపర్ తిరగేసి బురద దులిపితే దాని అడుగు పెదవిలోంచి ఒక రాగి రేకు కింద పడింది.

నా చొక్కా జేబులో ఉంది ఇప్పుడు. అరచేతిలో సగం ఉంటుంది. గళ్ళు, గళ్ళలో అక్షరాలు, తెలుగువేనని ఇచ్చిన రోజు పెద్దమ్మ చెప్పింది, నాకు మా ఇంటి భాష చదవడం రాదు, నేర్పిన బడి లేదు. పోయిన ఆయుధపూజ రోజు వర్క్‌షాప్ కడిగి, స్కానర్లకి కూడా చందనం బొట్లు పెట్టి, బొరుగులు పంచుతున్నాం, సుందరం కొత్త కారు మొదటి సర్వీసుకి వచ్చి ఉంది, పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి పసుపు గుడ్డలోంచి ఇది తీసి ఇచ్చింది. "మంత్రించిన రేకు నాయనా. బండి ఎనకాల, ఎడం పక్క, ఎవురి కంటికీ పడకుండా పెట్టు. చూస్తే పని చెయ్యదంట. ఇద్దురు బిడ్డలూ దీంట్లోనే కదా తిరిగేది." లోహం అడ్డమొస్తే రాడార్‌కి ఏమీ కనపడదని పదిమందికి పాఠం చెప్పేవాడిని నేను. వద్దు పెద్దమ్మా, డాష్‌బోర్డ్ కింద పెడతాను అంటే అయిపోయేది. అనలేదు. ఆమె సంగటి తిన్న నోటితో ఎలా అనను, పైగా మా అమ్మ కూడా ట్రాక్టర్‌కి కట్టించింది, పైగా, నిజం చెప్పాలంటే, పండగ పూట అలాంటిది కాదంటే ఏమవుతుందోనని నాకూ లోపల ఒక దడ. బంపర్ లోపలి వైపు, సెన్సర్‌కి జానెడు పైన, రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించాను. జానెడు చాలనుకున్నాను. కింద సైలెన్సర్ వేడి, పైన వాన, టేపు ఎంతకాలం ఆగుతుంది? ఒక కొస ఊడింది. రేకు కిందికి జారి సెన్సర్ ముందు వేలాడింది, కారు ఊగినప్పుడల్లా ఒకసారి అడ్డం, ఒకసారి పక్కకి.

లత్తేరి. తెరిచిన ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు, చేతులు చూడకుండానే చుడుతున్నారు, కళ్ళు రోడ్డు మీద. చూడకుండా చేసే పనులు నాకూ ఉన్నాయి. చేతిలో పెరుగన్నం ముద్ద, బల్ల మీద ఫోన్, స్పీకర్ పెట్టి మాట్లాడాను ఆ రోజు. చావుకి మూడు రోజుల ముందు. ఇందాక స్కానర్‌లో కనపడ్డ పాత చీటీ కూడా ఆ మూడు రోజులదే, ఎడమ సెన్సర్‌కి అడ్డం ఉంది అని కారు నాలుగుసార్లు రాసుకుంది. సుందరం ఫోన్‌లో చదివి వినిపించాడు కూడా. "దినకరా, ఎడం పక్క ఏదో అడ్డం ఉండాదని మీటర్‌లో వస్తా ఉండాది రా. వస్తాది, పోతాది. తీసుకొని రానా?" నేను ముద్ద మింగి, "వానకాలంలో అందరికీ వస్తాది రా, బురద. గుడ్డతో తుడిచి పోనీ. తీరిగ్గా రా, చూస్తాం" అన్నాను. ఒక నిమిషం పదకొండు సెకన్లు. ఫోన్ మార్చినా ఆ లెక్క నా కంట్లోంచి పోలేదు. వాడు నమ్మాడు. పదిహేడేళ్ళ మెకానిక్ చెప్పాడు, స్నేహితుడు చెప్పాడు, నమ్మక ఏం చేస్తాడు. ఆ తర్వాత శవం ఇంట్లో ఉండగా నేను పోతే వాడు నా మొహం చూశాడు, నేను వాడి మొహం చూశాను, అంతే, ఆ ఫోన్ మాట వాడు ఎత్తలేదు, పోలీసుల దగ్గర ఎత్తలేదు, మేనమామల దగ్గర ఎత్తలేదు, కట్టుకున్న భార్య దగ్గర కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే, చొక్కా పట్టుకుని ఉంటే, నేను కూడా ఏదో ఒకటి అని ఉండేవాడిని. ఎత్తకుండా ఉండి నన్ను చంపుతున్నాడు. చూడు, ఇందులో కూడా వాడిదే తప్పంటున్నాను.

ఈ రోజు గంటలో మూడుసార్లు లెక్క వేశాను. చెబితే ఉద్యోగం పోతుంది, పోనీ, ఉద్యోగం పోయినంత మాత్రాన బతకలేనా. కానీ రేకు సంగతి చెప్పకుండా ఫోన్ సంగతి చెప్పడం కుదరదు, ఏం అడ్డం వచ్చింది అని అడుగుతారు. రేకు సంగతి చెబితే ఈమె ఏమైపోతుంది. బిడ్డలకి రక్షణ అని తెచ్చి ఇచ్చింది కదా. కాబట్టి ఊరుకోవడమే మంచిది, ఆమె కోసం ఊరుకుంటున్నాను. ఎంత బాగుందో ఈ మాట, ఆమె కోసం. ఎనిమిది నెలలు రేకు జారిన సంగతే తెలియనప్పుడు ఎవరికోసం ఊరుకున్నావురా? అప్పుడు బురద అనే అనుకున్నావు, బురదే అయినా రమ్మని ఉండాల్సింది కదా, అప్పుడు ఎవరికోసం నోరు కుట్టుకున్నావు?

కె.వి.కుప్పం సంత వీధి దాటాం. మామిడి తోటలు. పెద్దమ్మ ఒడిలో పొట్లం చప్పుడైంది, మురుకులు. అద్దంలో ఆమె కళ్ళు కనపడుతున్నాయి, చిన్నపిల్లల కళ్ళలాగా ఉన్నాయి, బస్సు కోసం చూసే పిల్లల కళ్ళు. వేగం తగ్గించాను, సెకండ్ గేర్‌లో పోనిచ్చాను, కల్వర్టు వచ్చింది, తెల్లగా కొత్త రైలింగ్, రెండు బస్సుల పొడుగుంది, మొదలైంది, పక్కనే వస్తోంది, వస్తోంది, అద్దంలో దీపం ఉండాల్సిన చోట నల్లటి చుక్క, వెలగకురా అని నేనే సరిచేసి, ఇప్పుడు ఒక్కసారి వెలుగు, ఒక్కసారి తప్పుగా వెలుగు, నా పని చెడిపోయిందనుకుంటాను, మళ్ళీ విప్పుతాను, ఒక్కసారి అని ఎవరిని బతిమాలుతున్నానో నాకే తెలియదు. రైలింగ్ అయిపోయింది.

"రాలే," అంది.

నేను గేర్ మార్చబోయాను.

"ఆపు నాయనా."

పక్కకి తీసి ఆపాను. ఎండ వాలుతోంది. ఆమె కిటికీ దించి కల్వర్టు వైపు చూస్తూ కూర్చుంది. ఒక లారీ పోయింది, కారు ఊగింది.

"ఏముండె దీంట్లో?"

"బ్రాకెట్ వంగింది పెద్దమ్మా. రైలింగ్‌ని చూసి బండి అనుకొని ఎలిగేది. సరి చేసినా."

"ఓ. రైలింగా." పొట్లం మడిచింది. మళ్ళీ విప్పింది. "సరి. అయితే ఆ దినం ఎందుకు ఎలగలే? ఆ దినం ఈడ రైలింగ్ లేదు, నా బిడ్డ ఉన్న్యాడు. బిడ్డను చూసి ఎలగాల కదా?"

ఎనిమిది నెలలుగా ఇంజినీర్లు అడగని ప్రశ్న, నన్ను నేను అడగనివ్వని ప్రశ్న, ఈ మనిషి ఎంత తిన్నగా అడిగింది. తెలియదు అనొచ్చు. నోట్లోకి వచ్చింది కూడా. కానీ నా చెయ్యి నాకంటే ముందే జేబు మీదికి పోయింది, ఆమె కళ్ళు చెయ్యి మీదికి పోయాయి. తీసి ఇచ్చాను. టేపు జారింది, సెన్సర్ ముందు వేలాడింది, దానికి కళ్ళకు గంతలు కట్టినట్టయింది అని చెప్పాను. సరిగా అంటించలేదు, నాదే తప్పు అని కూడా అన్నాను. ఇంత చెప్పాను, ఫోన్ మాట మాత్రం చెప్పలేదు. ఆమె నెత్తిన పెట్టాల్సింది పెట్టేసి నాది నేను దాచుకున్నాను. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు.

ఆమె ఏడవలేదు. రేకుని చీర కొంగుతో తుడిచింది, రెండు వైపులా తిప్పి చూసింది, పిడికిట్లో పెట్టుకుంది.

"నేనిచ్చిందేనా అడ్డం వచ్చింది?"

"పెద్దమ్మా..."

"పోనీ బండిని. సుందరానికి చెప్పాల. ఎనిమిది నెలల్నించి వాడు తిండి తినేదిల్లా. వాడిది కాదని చెప్పాల. నాది అని నేనే చెప్తా."

మిగిలిన పది కిలోమీటర్లు ఎలా వచ్చానో గుర్తులేదు. అగ్గిపెట్టెల షెడ్డులో పని వదిలారు, ఆడవాళ్ళు గుంపుగా రోడ్డు దాటుతున్నారు, ఎడమ దీపం వాళ్ళందరినీ లెక్కపెడుతున్నట్టు వెలిగి ఆరింది, వెలిగి ఆరింది. గుడియాత్తం వీధిలో తీగల మీద తడి లుంగీలు. వాళ్ళింటి ముందు ఆపకముందే ఆమె తలుపు తీసేసింది. సుందరం మగ్గాల షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడో, చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. ఆమె పోయి వాడి ముందు పిడికిలి విప్పింది.

"నాయనా, నీ తప్పు కాదురా. నేను ఇచ్చినానే, ఈ రేకు..."

"తెలుసమ్మా," అన్నాడు వాడు.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"ఆ దినమే చూసినా. బంపర్ ఊడి సందు పడింది కదా, దాంట్లో వేలాడతా ఉన్న్యది. నువ్వు చూస్తావని లోపలికి తోసేసినా."

"ఎందుకురా చెప్పలే? ఊరంతా నిన్ను అంటా ఉంటే?"

"చెప్తే నువ్వు బతికి ఉంటావా?"

ఆమె పిడికిలితో వాడి రొమ్ము మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆపైన నుదురు అక్కడే ఆనించి, ఈ ఎనిమిది నెలల్లో మొదటిసారేమో, నోరు విడిచి ఏడ్చింది. వాడు ఆమె తల నిమురుతూ తల పైనుంచి నన్ను చూశాడు. చూసి, కనుబొమలతో వీధి చివర చూపించాడు, వేలూరు బస్సు ఆగి ఉంది, పో అని. కోపంతో కాదు. ఇది అయిపోయింది, నీది ఎవరికీ తెలియదు, నువ్వు పోరా అని. వాడు అమ్మని కాచాడు, నన్ను కూడా కాచాడు, ఇప్పుడు కూడా కాస్తున్నాడు, ఒక్క మనిషి ఎంతమందిని మోస్తాడు. కండక్టర్ విజిల్ వేశాడు. తాళం చెవి ఇంకా నా చేతిలోనే ఉంది. నాలుగడుగులు బస్సు వైపు వేశాను, అబద్ధం ఎందుకు, వేశాను.

ఆగాను. "పెద్దమ్మా," అన్నాను. "మూడు దినాల ముందర వీడు నాకు ఫోన్ చేసినాడు. ఏదో అడ్డం ఉండాదని కారే చెప్తా ఉండాది, తీసుకొని రానా అని అడిగినాడు. నేనే వద్దంటి. తుడిచి పోనీ అంటి."

సుందరం కళ్ళు మూసుకున్నాడు. పెద్దమ్మ నెమ్మదిగా తిరిగింది. ముక్కు కొంగుతో తుడుచుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను కూడా. ఈ వీధి అరుగుల మీద కూడా బీడీలు చుడుతున్నారు, ఆ చేతులు ఆగాయి. లోపలి నుంచి ఉమ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మళ్ళా చెప్పు," అంది పెద్దమ్మ. "గట్టిగా చెప్పు. ఆ మంగలి షాపు దాకా వినపడాల."

చెప్పాను.